లింగప్ప నమ్మిన దేశం

పెనుకొండకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో మావిళ్ళపల్లి అని ఒక చిన్న ఊరుంది. ఆ ఊళ్ళోకి వెళ్ళి లింగప్ప ఇల్లెక్కడ అని అడిగితే ఏ లింగప్ప అని ఎదురడుగుతారు. రష్యా లింగప్ప అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా చెయ్యెత్తి చూపిస్తారు. ఆ పేరు ఎగతాళికే పెట్టారు. ఆయన దాన్ని ఏనాడూ తప్పు పట్టలేదు.

లింగప్పది గొర్రెలు కాసుకునే కుటుంబం. ఆయనకు తొమ్మిదేళ్ళప్పుడు తల్లికి కాన్పు కష్టమైంది. ఎద్దులబండి కట్టుకుని హిందూపురం ఆస్పత్రికి బయలుదేరారు. సోమందేపల్లి దాటకముందే ఆమె బండిలోనే చనిపోయింది. బండి వెనక్కి తిప్పేటప్పుడు ఎద్దులు మొరాయించడం, తండ్రి వాటిని కొట్టకుండా పక్కన నిలబడి ఏడవడం లింగప్పకు ఈనాటికీ గుర్తే.

ఇరవై ఏళ్ళు వచ్చేదాకా ఆయనకు అక్షరం ముక్క రాదు. ఆ రోజుల్లో పెనుకొండలో హరి అని ఒక కుర్ర పంతులు వ్యవసాయ కూలీల సంఘం నడిపేవాడు. పొద్దు వాలే వేళకు సైకిల్ మీద ఊరికి వచ్చి, పశువుల కొట్టం గోడ మీద బొగ్గుతో అక్షరాలు రాసి కూలీలకు నేర్పేవాడు. రెండేళ్ళలో లింగప్ప కూడబలుక్కుని చదవగలిగాడు. చదవడానికి హరి సారు ఇచ్చింది రష్యా నుంచి తెలుగులో వచ్చే ఒక పత్రిక. నున్నటి కాగితం, రంగురంగుల బొమ్మలు. చాలామంది ఆ కాగితాలను పిల్లల పుస్తకాలకు అట్టలేసేవాళ్ళు. లింగప్ప మాత్రం ప్రతి అక్షరమూ చదివాడు. ఆ దేశంలో గొర్రెల కాపరికీ పింఛను ఉంటుందట. ఆడమనిషి ట్రాక్టరు తోలుతుందట. ఆస్పత్రికి పోతే దుడ్లు అడగరట. ఈ చివరి మాట దగ్గర ఆయన ఆగిపోయాడు. మర్నాడు హరి సారును అడిగాడు.

"నిజమేనా సార్? కాన్పుకు కూడా అడగరా?"

"అడగరప్పా. ఊరికే చూస్తారు. బండి కూడా వాళ్ళే పంపిస్తారు."

ఆ రోజునుంచి లింగప్ప సంఘం మనిషి.

ఎనభై నాలుగులో ఊరి గుట్ట కింద బంజరు మీదికి సంఘం కదిలింది. పేరుకు ప్రభుత్వ భూమి, అనుభవించేది మాత్రం ఒక పెద్ద రైతు. ఎనభై మంది ఎర్రజెండాలు పట్టుకుని, నాగళ్ళు భుజాన వేసుకుని పోయి దున్నారు. ముందు నాగలి లింగప్పది. పోలీసులు కొట్టారు. పదకొండు రోజులు పెనుకొండ సబ్‌జైల్లో ఉన్నాడు. రెండేళ్ళు రెవెన్యూ కచేరీ చుట్టూ తిరిగాక మనిషికి రెండెకరాల చొప్పున పట్టాలొచ్చాయి. తొలి కారు శెనక్కాయలు పీకిన రోజు లింగప్ప చేనులోనే కూర్చుని, మట్టి దులిపి, పచ్చికాయలు కడుపు నొచ్చేదాకా తిన్నాడు. కొత్తగా కాపురానికి వచ్చిన భార్య చౌడక్క ఆయన్ను చూసి నవ్వి నవ్వి అలసిపోయింది.

ఆ సంతోషం ఐదేళ్ళే నిలిచింది. తొంభై ఒకటి డిసెంబరులో రేడియోలో ఆ వార్త విన్నాడు. వినగానే సైకిలెక్కి పెనుకొండ పోయాడు. సంఘం ఆఫీసులో హరి సారు ఒక్కడే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"సార్, రేడియోలో చెప్తాండారు. సోవియట్ అనే దేశమే ఇంక లేదంట. దేశం యాడికి పోతాది సార్?"

హరి సారు బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చి, "పేరు పోయింది లింగప్పా. మనుషులు యాడికి పోతారు? ఒక ఏడు వాన రాకపోతే సేద్యం మానుకుంటామా?" అన్నాడు.

ఆ మాట లింగప్పకు చాలింది. కరువు సీమలో పుట్టినవాడు గనుక ఆ లెక్కనే అర్థం చేసుకున్నాడు. ఒక ఏడు కాకపోతే మరో ఏడు. ఊళ్ళోవాళ్ళు నవ్వితే, "నవ్వండప్పా. ఆ జనం ఊరికే ఉంటారా? మళ్ళా తెచ్చుకుంటారు చూడండి" అనేవాడు.

వాన రాలేదు. రష్యా పత్రిక ఆగిపోయింది. సంఘం మీటింగులకు ఎనభై మంది వచ్చేవాళ్ళు ఇరవై అయ్యారు, తర్వాత ఆరుగురయ్యారు. కొందరు బెంగళూరుకు కట్టడం పనులకు పోయారు. కొందరు వాళ్ళవాళ్ళ కుల సంఘాల్లో చేరారు. ఎన్నికలొస్తే చీరలిచ్చేవాడి వెంట కొందరు, మందు పోసేవాడి వెంట కొందరు. పెనుకొండ ఆఫీసు అద్దె కట్టేవాళ్ళు లేక మూతపడి జెరాక్స్ అంగడిగా మారింది. ఊరి నడుమ జెండా కట్ట మీద ఏటా మేడే నాడు లింగప్ప ఒక్కడే కొత్త గుడ్డ ఎగరేసేవాడు. ఒక ఏడు వెళ్ళేసరికి ఇనుప కడ్డీ లేదు. ఎవరో కోసుకుపోయి పాత ఇనుము కొనే గుజిరీకి అమ్ముకున్నారు. ఎవరని ఆయన విచారించలేదు. అప్పటికి ఊళ్ళో ఎవరైనా ఆ పని చేయగలరని తెలిసిపోయింది.

పెళ్ళయిన పద్నాలుగేళ్ళకు వాళ్ళకు పవిత్ర పుట్టింది. ఒక్కతే కూతురు. బాగా చదివేది. పదో తరగతిలో మండలంలో రెండోది. "డాక్టరు చదువుతా నాయనా" అన్నప్పుడు లింగప్ప బయటికి వెళ్ళి గొర్రెలను లెక్కపెట్టినట్టు నటిస్తూ నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకోవడం కూతురు చూడకూడదని.

ఆమె హిందూపురంలో ఇంటర్ చదువుతున్న రోజుల్లో హైవే పక్కన కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. దాని వెంట విడిభాగాలు చేసే కంపెనీలు వచ్చాయి. వాటిలో ఒకదానికి గుట్ట కింది భూమి కావాల్సి వచ్చింది. ఊరివాళ్ళతో మాట్లాడి ఒప్పించడానికి తెల్ల కారులో వచ్చినవాడు హరి సారు. డెబ్బై ఏళ్ళ మనిషి, జుట్టుకు రంగు వేసుకున్నాడు. కొన్నేళ్ళుగా ఆయన ప్లాట్ల వ్యాపారం చేస్తున్నాడని లింగప్ప వినే ఉన్నాడు. నమ్మలేదు, అంతే.

"అందరూ సంతకాలు పెట్టినారు లింగప్పా. నువ్వొక్కడివే మిగిల్నావు."

"మీరే గదా సార్ మమ్మల్ని ఆ భూమిలోకి తోలింది. ఇప్పుడు మీరే బయటికి తోలుతాండారా?"

హరి సారు తల వంచుకోలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. "అప్పుడు నమ్మి చెప్పినా. ఇప్పుడు కూడా నమ్మే చెప్తాండా. ఆరునూరు అడుగులు బోరేసినా నీళ్ళు పడని రాళ్ళప్పా అవి. నీ కూతురు కూడా ఆ రాళ్ళల్లోనే శెనక్కాయలు పీకాల్నా? చదువుతాది గదా, చదివించుకో."

లింగప్ప మూడు రోజులు ఆలోచించి సంతకం పెట్టాడు. హరి సారు కలం మూత పెట్టుకుంటూ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. లింగప్ప ఆ చేతిని తీసి పక్కన పెట్టాడు. వాళ్ళిద్దరూ కలుసుకోవడం అదే ఆఖరు.

ఇక్కడ పవిత్రకు డాక్టరు సీటు రాలేదు. విదేశాల్లో చదువులకు పంపించే ఏజెంటు ధర్మవరంలో ఉన్నాడంటే తండ్రీ కూతుళ్ళు వెళ్ళారు. గోడ మీద పెద్ద ప్రపంచపటం. ఏజెంటు చైనా అన్నాడు, ఫిలిప్పీన్స్ అన్నాడు, కిర్గిజిస్తాన్ అన్నాడు. లింగప్ప లేచి పటం దగ్గరికి పోయి ఆ మూడో దేశం మీద వేలు పెట్టాడు.

"ఇది మునుపు సోవియట్‌లో ఉండెనా సామీ?"

"అవును అంకుల్. రష్యా కిందికే వస్తాది అనుకోండి."

"అయితే ఆడికే పంపిస్తా."

చౌడక్క ఏడ్చింది. హిందూపురంలో నర్సు చదువు చదివితే చాలదా అంది. లింగప్ప వినలేదు. భూమి సొమ్ముకు తోడు మంద కూడా అమ్మేసి కూతురిని విమానం ఎక్కించాడు. తిరిగి వస్తూ బస్సులో పక్క సీటువాడికి చెప్పాడు: "నా కూతురు సోవియట్‌కు పోయిందప్పా, డాక్టరు చదవను."

కిర్గిజిస్తాన్ రాజధాని బిష్కెక్‌లో పవిత్ర మొదటి రెండేళ్ళు హాస్టల్లో ఉంది. కరోనా ఏడాది ఇంటికొచ్చి ఫోన్లో పాఠాలు విని, మళ్ళీ వెళ్ళాక గలీనా అనే ముసలావిడ ఇంట్లో ఒక గది తీసుకుంది. గలీనా వ్యవసాయ యంత్రాలు చేసే ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసింది. సోవియట్ పోయాక ఆ ఫ్యాక్టరీ మూతపడింది. యంత్రాలను పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారు. ఇంటికోసం దాచుకున్న డబ్బు ఒక్క ఏడాదిలో ఒక జత బూట్లకు కూడా చాలకుండా పోయింది. కొడుకు మాస్కోలో టాక్సీ నడుపుతూ ఎప్పుడో ఒకసారి ఫోన్ చేసేవాడు. చలికాలంలో ఆవిడ పింఛను బొగ్గులకే సరిపోయేది. ఆదివారాలు బజారు పక్కన పేవ్‌మెంటు మీద గుడ్డ పరిచి తన పళ్ళేలు, మొగుడి పతకాలు, పాత పుస్తకాలు అమ్మేది. ఆ వరసలో అట్లాంటి ముసలివాళ్ళు ముప్ఫై నలభై మంది ఉండేవాళ్ళు. ఒకరి దగ్గర ఒకరు కొనరు గదా, పొద్దంతా ఊరికే కూర్చుని లేచిపోయేవాళ్ళు.

తన నాయన ఎర్రజెండా మనిషని పవిత్ర చెబితే గలీనా ఆశ్చర్యపోయింది. అప్పట్లో ఆస్పత్రిలో డబ్బులు అడగని మాట నిజమేనంది. ప్రభుత్వం మీద ఏదో అన్నందుకు తన తండ్రిని పోలీసులు పట్టుకుపోతే తొమ్మిదేళ్ళ దాకా రాని మాటా నిజమేనంది. "అది పోతే మంచిరోజులు వస్తాయని మేము కూడా వీధుల్లోకి వచ్చి అరిచాం. మీ నాన్నకు ఇవన్నీ చెప్పకు" అంది.

పవిత్ర చెప్పలేదు. సాయంత్రం ఫోన్లో లింగప్ప అడిగేవాడు.

"ఆడ ఆస్పత్రిలో దుడ్లు అడగరు గదమ్మా?"

"అడగరు నాయనా."

"ముసిలోళ్ళను బాగా చూసుకుంటారంట గదా?"

"చూసుకుంటారు నాయనా."

ఈ మాటలు ఆయన మర్నాడు పెనుకొండ టీ అంగడిలో ఇంకో నాలుగు కలిపి చెప్పేవాడు. ఇన్నేళ్ళకు ఊళ్ళో ఎవరూ నవ్వలేదు. చదువుకుంటున్న కూతురు కళ్ళారా చూసి చెప్తోంది మరి.

నాలుగో ఏడు చలికాలంలో గలీనా మెట్ల ముందు జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. పవిత్రే ఆస్పత్రికి తీసుకుపోయింది. తనకు పాఠం చెప్పే డాక్టరే అక్కడ ఉన్నాడు. ఆయన ఒక కాగితం మీద జాబితా రాసి ఇచ్చాడు. చేతి తొడుగులు, సిరంజిలు, మత్తుమందు, ఎముకలో వేసే లోహపు కడ్డీ అన్నీ రోగే కొనుక్కోవాలి. అవి కాక, అడగకుండానే డాక్టరు చేతిలో పెట్టాల్సింది వేరే. గలీనా జాబితా చదివి, మడిచి, కోటు జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకుపొమ్మంది. రెండు నెలలు మంచంలో ఉంది. మంచు కరగకముందే చనిపోయింది. కొడుకు వచ్చేసరికి పూడ్చిపెట్టడం కూడా అయిపోయింది. ఆ సాయంత్రం లింగప్ప ఫోన్ చేసి, "ముసిలావిడ బాగుండాదా?" అని అడిగితే, "బాగుంది నాయనా" అని చెప్పి, ఫోన్ పెట్టేసి, తల్లికి విడిగా చేసి అంతా చెప్పుకుని ఏడ్చింది.

రెండు వేల ఇరవై నాలుగులో డాక్టరు పట్టా తీసుకుని పవిత్ర ఇంటికొచ్చింది. విదేశాల్లో చదివినవాళ్ళు ఇక్కడ వైద్యం చేయాలంటే ఒక పరీక్ష నెగ్గాలి. మొదటిసారి పోయింది. రెండోసారి పోయింది. మూడోసారి పద్దెనిమిది మార్కుల తేడాతో పోయింది. పాఠాలు సగం భాష రాకుండా, సగం ఫోన్లో విన్నవాళ్ళలో ఎక్కువమంది గతి అదే. నెగ్గేదాకా ఊరికే కూర్చోలేక హిందూపురంలో ఒక చిన్న నర్సింగ్ హోంలో చేరింది. డాక్టరు కోటు వేసుకోనిస్తారు, మందుల చీటీ మీద సంతకం మాత్రం చేయనివ్వరు.

లింగప్ప ఆ మధ్య గుట్ట కింది కంపెనీలో పనికి కుదిరాడు. గేటు లోపల పచ్చగడ్డి పెంచి నీళ్ళు పట్టే పని. కాంట్రాక్టరు కింద. అరవై ఏడేళ్ళ వయసులో తన రెండెకరాలు సరిగ్గా ఎక్కడుండేవో వెతుక్కున్నాడు గానీ, గుట్టనే సగం తవ్వి చదును చేశారు గనుక గుర్తు దొరకలేదు. మూడో నెలలో కాంట్రాక్టరు కూలీలందరికీ వారానికి ఒక రోజు కూలీ కోసేయడం మొదలుపెట్టాడు. అన్నం తినేచోట లింగప్ప లేచి నిలబడ్డాడు.

"ఒక్కొక్కడు పోయి అడిగితే ఎవరూ ఇయ్యరప్పా. ఒక సంఘం పెట్టుకుందాం."

బిహారు నుంచి వచ్చినవాళ్ళకు ఆ మాట అర్థం కాలేదు. లేపాక్షి వైపు నుంచి ఆటోలో వచ్చే ఒక పడుచుపిల్ల అమాయకంగా అడిగింది: "సంఘమంటే డ్వాక్రా సంఘమా తాతా? మగోళ్ళకు కూడా లోన్ ఇస్తారా?"

మర్నాడు గేటు దగ్గర కాపలావాడు లింగప్ప కార్డు తీసుకుని మళ్ళీ ఇవ్వలేదు. తోటి కూలీలు పక్కనుంచే లోపలికి పోయారు. ఎవరూ ఆగలేదు.

ఆ సంగతి కూతురికి చెప్పుకుందామని, కొన్నాళ్ళుగా వదలని దగ్గు కూడా చూపించుకుందామని ఆయన హిందూపురం బస్సెక్కాడు. నర్సింగ్ హోంలో బెంచీ మీద కూర్చుని ఉండగా పరిగి వైపు నుంచి గంగక్క అనే కూలి మనిషి, కాలు నల్లబడిపోయిన మొగుడిని ఆటోలో తెచ్చింది. పాము కరిచింది. కౌంటరులోవాళ్ళు ముందు డిపాజిట్ కట్టమన్నారు. ఆమె మెడలోని పసుపుకొమ్ము చూపించి బతిమాలింది. లోపలినుంచి పవిత్ర వచ్చింది.

"అమ్మా, ఈడ కాదు. గవర్నమెంటాస్పత్రికి తీసుకుపోండి. ఆలస్యం చేయొద్దు."

"నువ్వు డాక్టరమ్మవే గదా తల్లీ! ఒక సూదన్నా వెయ్యి!"

పవిత్ర వెయ్యలేదు. అక్కడ ఆమెకు ఆ అధికారం లేదు. ఆటో తిరిగి వెళ్ళిపోయింది. లింగప్ప బెంచీ మీదినుంచి లేచి అందరిముందూ అరిచాడు.

"నేను నిన్ను ఇందుకా చదివించింది? ఆ దేశంలో ఏం నేర్చుకోనొస్తివి నువ్వు? ఆడైతే ఇట్ల చేస్తారా?"

పవిత్ర ఆయన చెయ్యి పట్టుకుని బయట మెట్ల మీదికి తెచ్చింది.

"ఆడా ఇంతే నాయనా."

"ఏమి?"

"ఆడా ఇట్లే చేస్తారు. గలీనమ్మ సచ్చిపోయి మూడేండ్లయ్య. దుడ్లు లేక తుంటి కట్టలేదు. నేను పక్కనే ఉండా. ఏమీ చేయలేకపోయినా." ఆమె అక్కడే కూర్చుని ఒక్కొక్కటీ చెప్పింది. పేవ్‌మెంటు మీది పతకాలు, ఇనుము కింద అమ్మేసిన ఫ్యాక్టరీ, తొమ్మిదేళ్ళు ఇల్లు చేరని గలీనా తండ్రి. "నువ్వు అనుకున్న దేశం నాకు కనపడలేదు నాయనా. మునుపు ఉండెనో లేదో కూడా తెల్దు. నువ్వు అంత ఆశగా అడుగుతావుంటే నాకు నోరు రాలేదు."

లింగప్ప అంతా విన్నాడు. దగ్గు చూపించుకోకుండానే బస్సెక్కాడు. ఇంటికొచ్చి చౌడక్కతో చెబుతుంటే ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసయ్యా. పాప నాకు అప్పుడే చెప్పింది. నీకు చెప్తే నువ్వు తట్టుకోలేవని నేనే వద్దంటి."

కొట్టిన పోలీసుల మీద, హరి సారు మీద, కంపెనీ మీద ఆయనకు ఎప్పటికప్పుడు కోపం వచ్చింది. ఈ మాట మీద కోపం కూడా రాలేదు. ఇన్నేళ్ళూ తన ఇంట్లోనే తనను పసిబిడ్డను చూసినట్టు చూశారు. పది రోజులు ఆయన టీ అంగడికి పోలేదు.

పదకొండో రోజున పొరుగింటి రామాంజి తన కూతురు తనూజను వెంటబెట్టుకుని వచ్చాడు. ధర్మవరం ఏజెంటుతో మాట్లాడి వచ్చామని, అదే దేశానికి పంపిస్తున్నామని, పెద్దమనిషి నోటితో ఒక మంచిమాట చెప్పమని అడిగాడు.

"వద్దు రామాంజీ" అన్నాడు లింగప్ప. "పంపించొద్దు. నేను ఇన్నాళ్ళూ చెప్పిందంతా అబద్ధం. నాకు తెలీక చెప్పినా. ఆడ ఏమీ లేదు. మా పాప ఈడ పరీక్ష కూడా పాస్ కాలేదు."

"ఏమప్పా, నలభై ఏండ్లు ఆ దేశం స్వర్గమని చెప్తివి. నీ కూతురు పోయొచ్చి హిందూపురంలో కోటు ఏసుకుని తిరుగుతాండాది. నా కూతురు పోతానంటే నరకమైపాయనా?"

"కాదు రామాంజీ, నా మాట విను..."

"తెలిసింది లేప్పా. ఊళ్ళో ఇంకో డాక్టరమ్మ ఉంటే నీకు ఓర్వలేకుండా ఉండాది." తనూజ తల వంచుకుని తండ్రి వెనకే వెళ్ళిపోయింది. వాళ్ళు రెండిళ్ళ మధ్య దారికి అడ్డంగా ముళ్ళకంప వేశారు. ఊరు కూడా రామాంజి మాటే నమ్మింది. ఎప్పుడూ ఆ దేశాన్ని పొగిడే మనిషి సరిగ్గా ఇప్పుడే ఎందుకు తిట్టాలి?

తనూజ బయలుదేరిన రోజు ఊరంతా మెయిన్‌రోడ్డు దాకా పోయి సాగనంపింది. లింగప్పను ఎవరూ పిలవలేదు. ఆయన ఆ వేళకు ఎవరివో ముప్ఫై గొర్రెలను కూలికి తోలుకుని హైవే అవతల ఉన్నాడు. మధ్యాహ్నం చౌడక్క సంగటి మూట తెచ్చింది. ఇద్దరూ కాలువ తూము నీడలో కూర్చున్నారు.

"తనూజ పోయిందా?"

"పోయింది. దండలేసి పంపిచ్చినారు."

ఆ రోజే పవిత్ర నాలుగో పరీక్ష ఫలితం రావాల్సిన రోజు. పొద్దున తొమ్మిదికే వస్తుందని ఆమె ముందే చెప్పింది.

"పాప ఫోన్ చేసెనా?" అని అడిగాడు లింగప్ప.

"లేదు."

ఆయన తల ఊపి సంగటి ముద్ద విరిచాడు. చౌడక్క పక్కన ఊరుబిండి పచ్చడి వేసింది. నెగ్గి ఉంటే పాప ఈపాటికి చేసి ఉండేదని ఇద్దరికీ తెలుసు.